నీమో నాన్న



ఈ వారం ఒకసారి మీ అబ్బాయిదో, అమ్మాయిదో రఫ్ నోటుబుక్ తీసి చివరి పేజీలు తిప్పి చూడండి. ముందు పేజీల్లో లెక్కలు, స్పెల్లింగులు, స్లిప్ టెస్ట్ కోసం రాసుకున్న ఫార్ములాలు ఉంటాయి. వెనక పేజీల్లో వేరే లోకం ఉంటుంది. రెక్కల గుర్రం, ముక్కు పెద్దగా ఉన్న సారు, రాకెట్, రాక్షసుడు, సగంలో ఆపేసిన అమ్మాయి మొహం. కొందరు పిల్లలైతే పాఠ్యపుస్తకం కింది మూలలో పేజీకొక బొమ్మ చొప్పున బంతి గీసి, పేజీల్ని బొటనవేలితో గబగబా వదిలేస్తారు. బంతి పైకి ఎగిరి కింద పడుతుంది. పక్క బెంచీ వాళ్లు మళ్లీ చూపించమంటారు.

సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని, నాచారం చౌరస్తాలో కూరగాయలు తీసుకుని ఇంటికి చేరేసరికి మనకు ఓపిక అయిపోతుంది. డైరీలో సంతకం పెట్టే సమయానికి ఆ బొమ్మలు కంటబడితే చాలామందికి మొదట వచ్చేది కోపమే. కొందరికి అందుకు పూర్తిగా వ్యతిరేకమైన ఆశ వస్తుంది. బాబుకి చెయ్యి తిరిగింది కదా, వెంటనే డ్రాయింగ్ క్లాసులో చేర్పించేద్దాం అనుకుంటారు. ఈ నెల మీకు చెప్పబోయే జీవితకథలో ఈ రెండు రకాల నాన్నలూ ఉన్నారు. వాళ్లిద్దరి మధ్య నిలబడిన మనిషి పేరు విన్సర్ మెకే. అమెరికా చిత్రకారుడు. ఒక చిన్న పిల్లవాడి కలల ప్రపంచాన్ని 1911లో తెరమీద కదిలించి చూపించాడు. ఆ సినిమాకి ప్రేరణ ఆయన కొడుకు ఇంటికి తెచ్చుకున్న అలాంటి కదిలే బొమ్మల పుస్తకమే.

కిటికీ అద్దం మీద మొదటి బొమ్మ

విన్సర్ మెకే ఏ సంవత్సరంలో పుట్టాడో చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. 1867 అని కొందరు, 1869 అని కొందరు, 1871 అని కొందరు అంటారు. తల్లిదండ్రులది కెనడా. తండ్రి పేరు రాబర్ట్. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్ప్రింగ్ లేక్ అనే ఊరికి వచ్చి స్థిరపడ్డారు. కలప కోసే మిల్లులున్న ఊరు అది. చుట్టూ చెక్కే కాబట్టి తరచూ నిప్పు అంటుకునేది. అలాంటి ఒక అగ్నిప్రమాదం తర్వాత చిన్న విన్సర్ ఒక మేకు తీసుకుని, కిటికీ అద్దం మీద పేరుకున్న మంచు పొరపై ఆ దృశ్యాన్ని గీశాడని చెబుతారు. అదే ఆయన మొదటి బొమ్మ.

ఆ తర్వాత ఆ చెయ్యి ఆగలేదు. గోడ, పలక, కంచె, పుస్తకం అట్ట, ఏది దొరికితే దానిమీద గీసేవాడు. 13 ఏళ్ల వయసులో బడిలో నల్లబల్ల మీద మునిగిపోతున్న ఓడ బొమ్మ వేశాడు. దాన్ని ఫొటో తీయించి ఆ కాపీలు అమ్మారు కూడా. తన క్లాసులో నల్లబల్లను ఒక విద్యార్థి బొమ్మతో నింపేస్తే ఏ టీచరైనా ఏం చేస్తారో మనకు తెలుసు. ఇక్కడ మాత్రం ఆ బొమ్మను తుడిచేయకుండా ఫొటో తీయించాలని ఒకరికి తోచింది.

తండ్రి రాబర్ట్ చెడ్డవాడు కాదు. కిరాణా వ్యాపారం, ఆ తర్వాత భూముల వ్యాపారం చేసి కుటుంబాన్ని నిలబెట్టిన మనిషి. బొమ్మలతో కడుపు నిండుతుందని ఆయనకు నమ్మకం లేదు. అందుకే 1886లో కొడుకుని ఇప్సిలాంటి అనే పట్టణంలోని ఒక బిజినెస్ కాలేజీలో చేర్పించాడు. లెక్కలు రాయడం, టైపు కొట్టడం, ఆఫీసు పనులు నేర్చుకుంటే జీవితం గట్టెక్కుతుందని ఆయన ఆలోచన. మనలో ఎవరమైనా ఆయన స్థానంలో ఉంటే దాదాపు అదే చేసేవాళ్లం.

కొడుకు కాలేజీకి అరుదుగా వెళ్లాడు. రైలెక్కి డెట్రాయిట్ నగరానికి వెళ్లిపోయేవాడు. అక్కడ వండర్‌ల్యాండ్ అనే వినోదశాల ఉండేది. కొద్దిపాటి టిక్కెట్టు ధరకి వింతలు, మ్యాజిక్, సర్కస్ విద్యలు చూపించే చోటు అది. మన నాంపల్లి నుమాయిష్‌లోని వింత షోలన్నీ ఏడాది పొడవునా ఒకే భవనంలో నడుస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్ల ముఖచిత్రాలు గీసి, ఒక్కో బొమ్మకి పావు డాలరు తీసుకునేవాడు.

కథ ఇక్కడితో ఆగిపోతే, క్లాసులు ఎగ్గొట్టినా ఫరవాలేదు, ప్రతిభ ఉంటే చాలు అనే నీతి మిగులుతుంది. కానీ అసలు మలుపు తర్వాత వచ్చింది. అదే ఇప్సిలాంటి పట్టణంలో ఉపాధ్యాయుల్ని తయారుచేసే ఒక కాలేజీ ఉండేది. అక్కడ డ్రాయింగ్ చెప్పే జాన్ గుడిసన్ అనే ప్రొఫెసర్ ఈ కుర్రవాడిలోని సత్తువను గమనించి, విడిగా పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ పాఠాలు ఊహలకి సంబంధించినవి కావు. గోళం, శంకువు, స్తూపం, ఘనం. దూరం పోయేకొద్దీ గీతలు ఎలా దగ్గరవుతాయి, ఒకే వస్తువు ఎత్తు నుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది. విసుగొచ్చేదాకా అదే సాధన. తర్వాతి రోజుల్లో మెకే గీసిన మేడలు, మెట్లు, ఆకాశహర్మ్యాలు చూసినవాళ్లు ఆశ్చర్యపోవడానికి కారణం ఈ జ్యామితే. మీ పిల్లలు లెక్కల పుస్తకంలో ఘనాకారాల పాఠం దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పండి. కలకి ఇల్లు కట్టాలన్నా స్కేలు పట్టుకోవడం రావాలి.

ఆదివారం పేజీలో ఒక మంచం

1889లో మెకే చికాగో చేరాడు. ఆర్ట్ కాలేజీలో చదవాలని ఉన్నా చేతిలో డబ్బు లేదు. పోస్టర్లు అచ్చువేసే కంపెనీలో చేరి సర్కస్ పోస్టర్లు గీశాడు. 1891లో సిన్సినాటి నగరానికి మారి, అక్కడి వినోదశాలకి పోస్టర్లు, సైన్‌బోర్డులు వేశాడు. అదే ఏడాది మాడ్‌తో పెళ్లయింది. 1896లో కొడుకు రాబర్ట్, మరుసటి ఏడాది కూతురు మారియన్ పుట్టారు. కొడుక్కి తన తండ్రి పేరే పెట్టుకున్నాడు. ఇల్లు గడవడం కోసం వార్తాపత్రికలకి బొమ్మలు వేయడం మొదలుపెట్టి, 1903లో న్యూయార్క్ హెరాల్డ్ సంస్థ పిలుపుతో న్యూయార్క్ చేరుకున్నాడు.

1905 అక్టోబరు 15, ఆదివారం. ఆ రోజు హెరాల్డ్ పత్రికలో ఒక పూర్తి పేజీ రంగుల బొమ్మల కథ మొదలైంది. పేరు 'లిటిల్ నీమో ఇన్ స్లంబర్‌ల్యాండ్'. స్లంబర్‌ల్యాండ్ అంటే నిద్రాలోకం అనుకోవచ్చు. నీమో అనే చిన్న బాబు రాత్రి నిద్రపోగానే ఆ లోకానికి ప్రయాణం కడతాడు. అక్కడి రాజు తన కూతురికి తోడుగా ఆడుకోవడానికి నీమోని రప్పించమంటాడు. దారిలో ఎన్నో అడ్డంకులు. ప్రతివారం చివరి గడిలో మాత్రం నీమో మంచం మీదనో, మంచం మీద నుంచి కింద పడో మేలుకుంటాడు. మనకి 1947 జులైలో చందమామ వచ్చినప్పటి నుంచి నెలనెలా పిల్లలు ఎలా ఎదురుచూశారో, అంతకు నలభై ఏళ్ల ముందు న్యూయార్క్ పిల్లలు ఆదివారం పేపరు కోసం అలా ఎదురుచూశారు.

1908 జులై 26న వచ్చిన పేజీ ఇప్పటికీ ప్రసిద్ధం. అందులో నీమో పడుకున్న మంచానికి కాళ్లు పొడవుగా పెరుగుతాయి. మంచం ఇంట్లోంచి బయటపడి నగర వీధుల్లో నడుస్తుంది, మేడల మీదుగా అడుగులు వేస్తుంది, చివరికి చర్చి శిఖరం తగిలి తూలుతుంది. బొమ్మ పెరిగేకొద్దీ పేజీలోని గడులు కూడా పొడవుగా పెరుగుతాయి. గుడిసన్ దగ్గర నేర్చుకున్న గీతల శాస్త్రమంతా ఆ పేజీలో పనిచేస్తూ కనిపిస్తుంది.

నీమో మొహం ఎవరిది? మెకే ఇంట్లోనే ఉంది. కథ మొదలయ్యేనాటికి తొమ్మిదేళ్లున్న కొడుకు రాబర్ట్‌ని చూసే ఆయన నీమోని గీశాడు. ఊరంతా ముద్దుచేసే ఆ బొమ్మ బాబు, భోజనాల బల్ల దగ్గర తన ఎదురుగా కూర్చునే బాబే. ఇది గుర్తుంచుకోండి. కథ చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

4,000 కాగితాలు, నాలుగు నిమిషాలు

ఒకరోజు రాబర్ట్ ఇంటికి చిన్న బొమ్మల పుస్తకం తెచ్చాడు. పేజీలు వేగంగా తిప్పితే లోపలి బొమ్మ కదులుతుంది. మెకే దాన్ని చూసి, ఇదే పని తన బొమ్మలతో తెరమీద ఎందుకు చేయకూడదని ఆలోచించాడు. బొమ్మల్ని కదిలించడంలో ఆయన మొదటివాడేమీ కాదు. అమెరికాలో స్టువర్ట్ బ్లాక్టన్ 1906లో, ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ 1908లో అప్పటికే చిన్న ప్రయోగాలు చేశారు. కానీ వాళ్లవి ఎక్కువగా గీతల మనుషులు, సరదా గారడీలు. బరువు, నిదానం, ఒంటి వంపు ఉన్న పాత్రల్ని కదిలించాలని మెకే పట్టుపట్టాడు. బ్లాక్టన్ సాయంతోనే, ఆయన భాగస్వామిగా ఉన్న వైటాగ్రాఫ్ స్టూడియోలో సినిమా తీశాడు.

పని ఎలా జరిగిందో చూడండి. పల్చని రైస్ పేపర్ మీద ఒక బొమ్మ. దానిపైన ఇంకో కాగితం పెట్టి, కింది బొమ్మ కనిపిస్తుండగా కొంచెం మార్చి ఇంకో బొమ్మ. కాగితాలు పక్కకి జరిగితే తెరమీద బొమ్మ వణుకుతుంది కాబట్టి మూలల్లో గుర్తులు పెట్టుకున్నాడు. ప్రతి కాగితానికీ వరుస నంబరు. ఇలా మొత్తం దాదాపు 4,000 బొమ్మలు. ఒక్కొక్కటీ కెమెరాతో ఫొటో తీశారు. ఆనాటి సినిమా సెకనుకి సుమారు 16 బొమ్మలు నడిచేది. 4,000ని 16తో భాగిస్తే 250 సెకన్లు. అంటే నాలుగు నిమిషాల పైచిలుకు. అంతకుమించి లేదు. ఆ తర్వాత ఫిల్ము మీద ఒక్కో ఫ్రేముకి చేత్తో రంగులు వేశారు.

1911 ఏప్రిల్‌లో సినిమా బయటికి వచ్చింది. మెకే అప్పటికే వాడెవిల్ వేదికల మీద బాగా పేరున్న కళాకారుడు. ఒకే టిక్కెట్టుకి పాట, నాట్యం, హాస్యం, గారడీ అన్నీ వరుసగా చూపించే ప్రదర్శనలని వాడెవిల్ అనేవారు. 1906 నుంచి అక్కడ నల్లబల్ల మీద సుద్దముక్కతో మెరుపు వేగంతో బొమ్మలు గీసి చప్పట్లు అందుకునేవాడు. ఇప్పుడు అదే వేదిక మీద బొమ్మలు వాటంతట అవే నడిచాయి.

సినిమా మొదటి భాగంలో మెకే తానే నటించాడు. 4,000 బొమ్మలు గీసి నెల రోజుల్లో కదిలిస్తానని స్నేహితులతో పందెం కడతాడు. వాళ్లు నవ్వుతారు. కాగితాల కట్టలు, సిరా పీపాలు ఆఫీసుకి చేరతాయి. రెండో భాగంలో కలల లోకం మొదలవుతుంది. ఫ్లిప్, ఇంపీ అనే పాత్రలు వచ్చి గెంతుతాయి. వంకర అద్దంలో చూసినట్టు సాగి, కుంచించుకుపోతాయి. విడివిడి గీతలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలుసుకుని నీమో అవుతాయి. నీమో తన చేత్తో రాకుమారిని గీస్తాడు. ఆమె ప్రాణం పోసుకుంటుంది. ఆమెకి గులాబీ అందిస్తాడు. పెద్ద డ్రాగన్ వచ్చి, నోట్లో సింహాసనం మీద ఇద్దరినీ కూర్చోబెట్టుకుని వెళ్లిపోతుంది. కథంటూ పెద్దగా ఏమీ లేదు. వందేళ్లు దాటినా ఆ డ్రాగన్ నడక మాత్రం చూడబుద్ధేస్తుంది.

ఈ సినిమా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లలతో కలిసి చూడండి. చూసేటప్పుడు ఒక విషయం మీరే చెప్పాలి. ఇంపీ పాత్రను నల్లజాతివారిని వెక్కిరించే పద్ధతిలో గీశారు. ఆ రోజుల్లో అమెరికా పత్రికల్లో అది మామూలు. అప్పుడు మామూలైనంత మాత్రాన అది సరైనది అయిపోదు. గొప్ప చెయ్యి ఉన్న మనిషికీ తన కాలపు గుడ్డితనం ఉండవచ్చని పిల్లలకి చెప్పడానికి ఇది మంచి అవకాశం.

డైనోసార్ నుంచి ఆఫీసు కుర్చీ దాకా

నీమో తర్వాత మెకే ఇంకా ముందుకు వెళ్లాడు. 1914 ఫిబ్రవరిలో చికాగోలో 'గెర్టీ' అనే ఆడ డైనోసార్‌ని ప్రేక్షకుల ముందుకి తెచ్చాడు. ఈసారి దాదాపు 10,000 బొమ్మలు. తాను వేదిక మీద నిలబడి కొరడా పట్టుకుని ఆదేశాలిస్తుంటే తెరమీద గెర్టీ వినేది, ఒక్కోసారి మొండికేసేది, తిడితే ఏడ్చేది. మెకే ఆపిల్ విసిరినట్టు నటిస్తే తెరమీద గెర్టీ నోటితో అందుకునేది. బొమ్మకి మనసుంటుందని ప్రేక్షకులు నమ్మింది ఆ రోజునే అని సినిమా చరిత్రకారులు చాలామంది అంటారు.

ఆయన తన పద్ధతుల్ని దాచుకోలేదు, పేటెంటూ తీసుకోలేదు. పత్రికా విలేకరినని చెప్పుకుంటూ ఒక చిత్రకారుడు వచ్చి అడిగితే పని అంతా విడమరిచి చూపించాడు. ఆ మనిషి వాటిలో చాలా పద్ధతులకి తన పేరు మీద పేటెంటు తీసుకుని, తిరిగి మెకే మీదనే దావా వేశాడు. కేసు మెకేకి అనుకూలంగానే తీరింది, కొంతకాలం రాయల్టీ కూడా అందింది. తెలిసినది పంచుకోవడం మంచిదే. దానితోపాటు తన పనికి తన పేరు రాసి పెట్టుకోవడం కూడా పిల్లలకి నేర్పాల్సిన విషయమే.

1915 మే 7న జర్మన్ జలాంతర్గామి దాడిలో లుసిటానియా అనే ప్రయాణికుల ఓడ మునిగి 1,198 మంది చనిపోయారు. దాన్ని తెరకెక్కించడానికి మెకే దాదాపు రెండేళ్లు శ్రమించి 25,000 బొమ్మలు గీశాడు. 1918లో ఆ సినిమా విడుదలైంది. నల్లబల్ల మీద మునిగే ఓడని గీసిన పిల్లవాడే ఇప్పుడు నడివయసులో మళ్లీ మునిగే ఓడని గీశాడు. ఈసారి నవ్వు లేదు.

అయితే ఇవన్నీ రాత్రిళ్లు, సెలవుల్లో చేసిన పనులు. 1911లోనే ఆయన విలియం రాండాల్ఫ్ హర్స్ట్ పత్రికకి మారాడు. జీతం పెద్దది. యజమానికి మాత్రం సంపాదకీయాల పక్కన వేసే గంభీరమైన బొమ్మలే కావాలి. వేదిక ప్రదర్శనల్ని తగ్గించమన్నారు, తర్వాత మానమన్నారు. నీమో కథ 1914లో ఆగిపోయింది. న్యూయార్క్‌కి రప్పించింది, ఇల్లు కట్టించింది కలలే. ఇప్పుడు ఆ ఇల్లు నిలబడాలంటే కలల్ని పక్కన పెట్టి ఎవరో రాసిన సంపాదకీయానికి బొమ్మ గీయాలి. ఎలాగోలా బతుకుతెరువు ఉండాలన్న తండ్రి రాబర్ట్ కోరిక ఈ రూపంలో తీరింది. ఈఎంఐలు కట్టే మనకి ఆ కుర్చీ ఎలాంటిదో ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకో బలహీనత కూడా ఆయనలో ఉంది. పనిని ఎవరికీ పంచేవాడు కాదు. గెర్టీలో వెనక దృశ్యాలు కాపీ చేయడానికి ఒక కుర్రవాడిని పెట్టుకున్నాడు గానీ, ముఖ్యమైన గీత ప్రతిదీ తానే గీయాలి. మిగతావాళ్లు ఈలోగా పదిమందిని కూర్చోబెట్టి, పని విభజించి, కార్టూన్ స్టూడియోలు పెట్టేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనే తయారయ్యే ఛోటా భీమ్ వంటి సీరియళ్లు నడిచేది ఆ పద్ధతిలోనే. కథ ఒకరిది, పాత్ర ఒకరిది, కదలిక ఒకరిది, రంగు ఒకరిది. 25,000 బొమ్మలు గీయడం గొప్పే. కానీ ఆ దారిలో ఆయన వెనక నడిచిన బృందం మిగల్లేదు.

కొడుకు చేతిలో తండ్రి కల

మరి రాబర్ట్ ఏమయ్యాడు? అసలు ఈ కథ మీకు చెప్పింది ఇందుకోసమే.

నీమోకి వయసు రాలేదు. రాబర్ట్‌కి వచ్చింది. పెద్దయ్యాక అతనూ బొమ్మల వృత్తిలోకే వచ్చాడు. 1921లో మెకే తీసిన చివరి సినిమాల్లో ఒకటైన 'ది ఫ్లయింగ్ హౌస్' పనిలో తండ్రితో కలిసి కూర్చున్నాడు. ఇంటి అప్పు తీర్చలేని భర్త ఇంటికే రెక్కలు కట్టి ఎగరేసుకుపోయే కల అది. 1924లో మెకే నీమోని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పాఠకులు అంతగా పట్టించుకోలేదు. 1926 చివరికి ఆగిపోయింది. పత్రిక ఆ కథ హక్కుల్ని ఒక్క డాలరుకి ఆయనకే రాసిచ్చింది.

1934 జులై 26న, బ్రూక్లిన్‌లోని సొంత ఇంట్లో, మెదడులో రక్తనాళం మూసుకుపోయి మెకే చనిపోయాడు. కాళ్లు పెరిగిన మంచం బొమ్మ అచ్చయి సరిగ్గా 26 ఏళ్లు.

ఆ తర్వాత కొడుకు తండ్రి కలని మోశాడు. 1937లో విన్సర్ మెకే జూనియర్ అని సంతకం పెట్టి నీమో కథని కొత్తగా గీసి చూశాడు. నిలవలేదు. 1930ల చివర్లో జరిగిన అగ్నిప్రమాదంలో తండ్రి దాచిన అసలు బొమ్మలు చాలావరకు కాలిపోయాయి. మిగిలినవి రాబర్ట్ తన ఇంటికి తెచ్చి కాపాడుకున్నాడు. డబ్బు అవసరమైనప్పుడు కుటుంబం కొన్ని అమ్ముకుంది. 1947లో ఒక స్నేహితుడితో కలిసి చిన్న సంస్థ పెట్టి, తండ్రి గీసిన పాత నీమో పేజీల్నే కొత్త పత్రికల సైజుకి తగ్గట్టు మార్చి అందించబోయాడు. అదీ ఎక్కువ కాలం నడవలేదు. 1962లో రాబర్ట్ చనిపోయాడు.

మనం దీన్ని తీర్పులా చదవకూడదు. మెకే కొడుకుని ప్రేమించాడు, కొడుకు తండ్రిని గౌరవించాడు. ఆ బొమ్మలు మనదాకా వచ్చాయంటే అందులో రాబర్ట్ శ్రమ ఉంది. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చేతిలో నీమో అయిన బాబు, నలభై దాటాక కూడా నీమోనే గీస్తున్నాడు. కలలు కన్న బాబుగా లోకానికి తెలిసిన అతను తాను ఏ కల కన్నాడో మనకి ఎక్కడా కనిపించదు.

ఈ కథలో మొదటి తండ్రి కొడుకు చేతిలోని పెన్సిల్‌ని చూడలేదు. రెండో తండ్రి కొడుకునే బొమ్మగా గీశాడు. ఇద్దరూ మంచి నాన్నలే. మొదటివాడి కొడుకు రైలెక్కి తప్పించుకున్నాడు. రెండోవాడి కొడుక్కి తప్పించుకోవడానికి అలాంటి రైలేదీ దొరికినట్టు లేదు. మనలో చాలామందిమి మొదటి తండ్రిలా ఉండకూడదని జాగ్రత్తపడతాం. పిల్లల ఇష్టాల్ని ప్రోత్సహిస్తాం, క్లాసుల్లో చేర్పిస్తాం, వీడియో తీసి బంధువుల గ్రూపులో పెడతాం. అప్పుడే రెండో తండ్రిలా మారిపోయే ప్రమాదం ఉంది. పిల్లల ఆట మన గర్వంగా, ఆ తర్వాత మన ప్రాజెక్టుగా మారిపోతుంది.

మన దగ్గరికి వస్తే

మెకే సినిమాల్లో కొన్ని నైట్రేట్ ఫిల్ము చెడిపోయి తునకలుగానే మిగిలాయి. లిటిల్ నీమో మాత్రం బతికింది. అమెరికా ప్రభుత్వం భద్రపరిచే సినిమాల జాబితాలో 1991లో గెర్టీ, 2009లో లిటిల్ నీమో, 2017లో లుసిటానియా చేరాయి.

మన పిల్లలు పెరుగుతున్నది బొమ్మలు కదిలించే పనికి పేరున్న ఊరిలోనే. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఈరోజు తెలుగు సినిమాల గ్రాఫిక్స్ పనిలో హైదరాబాద్ యువకులు ఎంతోమంది ఉన్నారు. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ ఉంది. కాబట్టి ఇది తిండిపెట్టని విద్య అనే భయం అంతగా అక్కర్లేదు. అలాగని అయిదో తరగతి పిల్లవాడికి ఇప్పుడే కెరీర్ నిర్ణయించాల్సిన తొందరా లేదు.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. ఓ స్క్రిబ్లింగ్ ప్యాడ్ కొని, పిల్లల పక్కన కూర్చోండి. చివరి కాగితం నుంచి మొదలుపెట్టి ముందుకి రండి, అప్పుడు కింది బొమ్మ పైకి లీలగా కనిపిస్తుంది. 30 కాగితాల మీద ఎగిరే బంతిని గీయమనండి. బంతి పైకి చేరేచోట బొమ్మలు దగ్గర దగ్గరగా, నేలకి చేరేచోట దూరం దూరంగా ఉండాలి. ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ బంతి వేగం తగ్గుతుంది, కిందికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. సైన్స్ పుస్తకంలో గురుత్వాకర్షణ పాఠం అదే. పిల్లలు దాన్ని వేలికొసల్లో నేర్చుకుంటారు.

ఒక్క షరతు. పెన్సిల్ మీరు తీసుకోకండి. బంతి గుండ్రంగా రాకపోతే సరిచేయకండి. బంతి మధ్యలో చేపగా మారిపోతే మారనివ్వండి.

ఆ రాత్రి డైరీలో సంతకం పెట్టాక రఫ్ నోటుబుక్ చివరి పేజీ తెరిచి, అక్కడున్న బొమ్మ ఏమిటని అడగండి. బాగుందనీ అనొద్దు, టైం వృథా అనీ అనొద్దు. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా వినండి. ఆ కల మీది కాదు, వాళ్లది.